రెండో బిడ్డ, ఐదో బోరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. జవాబు రాసే ముందు నాకు అర్థమైనది ఒకసారి చెప్పుకుంటాను. మీది కనిగిరి దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. నాలుగేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ ఎప్పుడని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు. మీకేమో మనసు ఒప్పడం లేదు. "1951లో 36 కోట్ల మంది ఉన్న దేశం ఇప్పుడు 140 కోట్లు దాటింది. తాగడానికి నీళ్లు లేవు, అడవి లేదు. ఇంకో బిడ్డను కనడం ప్రకృతికి ద్రోహం చేయడం కాదా? మరోపక్క పిల్లల్ని ఎక్కువ కనమని పాలకులే అంటున్నారు. ఏది నిజం?" అని అడిగారు. ఆఖర్లో, వేరే సంగతి అన్నట్టుగా, నాన్నగారు బత్తాయి తోటకు ఐదో బోరు వేయిస్తానంటున్నారనీ, దానికి డబ్బు పంపాలనీ, అదొక టెన్షన్ అనీ రాశారు.

నాకు ఆ ఆఖరి మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మీరు వేరుగా రాసిన ఆ రెండూ నా లెక్కలో ఒకటే విషయం. ఇంకా చెప్పాలంటే, మీరు భయపడుతున్నది ఒకదానికి, భయపడాల్సింది ఇంకోదానికి.

నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో, విడవలూరు వైపు, పెన్నా కాలువ కింద. కయ్యల్లో మోకాలి లోతు నీళ్లు చూస్తూ పెరిగాను. ఉద్యోగం మాత్రం ప్రకాశం పడమటి మండలాల్లో, బావులూ బోర్ల నీటిమట్టాలు కొలిచే పని. ఇరవై ఆరేళ్లు అదే చేశాను. నీళ్లు ఎక్కువైన చోట పుట్టి, లేని చోట బతికాను కాబట్టి ఈ రెంటి మధ్య తేడా నాకు బాగా తెలుసు.

ముందు జనాభా సంగతి. భూమ్మీద మనుషులు 100 కోట్లకు చేరింది 1804 ప్రాంతంలో. 1974కి 400 కోట్లు. ఇంకో 48 ఏళ్లకు, 2022 నవంబర్‌లో, 800 కోట్లు. ఈ వేగం చూస్తే ఎవరికైనా గుబులు పుడుతుంది, అందులో తప్పు లేదు. కానీ మన దగ్గర ఏం జరుగుతోందో చూడండి. ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుంటే జనాభా దీర్ఘకాలంలో పెరగదు, తగ్గదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం సగటు 2.0. ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. అంటే మన రాష్ట్రంలో తల్లిదండ్రులు ఇద్దరి స్థానంలో ఇద్దరు పిల్లలు కూడా రావడం లేదు. అయినా ఇంకా కొన్నేళ్లు జనం సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. ఇదివరకు పుట్టినవాళ్లు ఇప్పుడు పిల్లల్ని కనే వయసులో ఉన్నారు కదా. పరుగెత్తే బండికి బ్రేకు వేసినా కొంతదూరం పోయే ఆగుతుంది.

పిల్లల్ని కనమని ఇప్పుడు అంటున్నది ఇందుకే. ఇద్దరికి మించి సంతానం ఉంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన మన రాష్ట్రంలో 1994 నుంచి ఉండేది. 2024లో శాసనసభ దాన్ని తీసేసింది. ముసలివాళ్లు పెరిగి, పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతారన్నది వాళ్ల ఆందోళన. ఆ ఆందోళన నిజమైనదే. అయితే ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పిల్లలు తక్కువ కావాలన్నప్పుడు ఆ భారం మోసింది ఆడవాళ్లు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లలో నూటికి ఒకరు కూడా లేరు. ఇప్పుడు ఎక్కువమంది కావాలంటే మళ్లీ అదే ఆడవాళ్లు కనాలా? ఎక్కువైనా తక్కువైనా లెక్క ఆడవాళ్ల కడుపు మీదే తేల్చడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

మన జిల్లాలకు వద్దాం. పాత ప్రకాశం జిల్లా జనాభా 2001లో 30.59 లక్షలు, 2011లో 33.97 లక్షలు. నెల్లూరు 26.69 లక్షల నుంచి 29.64 లక్షలైంది. రెండు చోట్లా పదేళ్లలో పెరిగింది 11 శాతం. మీ కనిగిరి, పామూరు, దర్శి వైపు బోర్ల లోతు తన కళ్ల ముందే ఎంత పెరిగిందో మీ నాన్నగారిని అడగండి. ఆయన చిన్నప్పుడు మోటబావిలో నలభై అడుగులకు నీళ్లు. పెళ్లయిన కొత్తలో రెండొందల అడుగుల బోరు. ఇప్పుడు వేయాలనుకుంటున్నది ఎంత? మీరు రాయలేదు కానీ ఆరేడు వందల అడుగులకు తక్కువ ఉండదు. జనం పదేళ్లకు నూటికి పదకొండు మంది చొప్పున పెరిగితే, ఆయన పెళ్లినాటి నుంచి బోరు మూడింతలు నాలుగింతలు లోతుకు పోయింది. పైగా సగం ఊరు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంది. మరి ఆ నీళ్లు ఎవరు తాగినట్టు?

పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీళ్లు ఇవ్వాలన్నది జలజీవన్ మిషన్ లెక్క. తాగడం, వంట, స్నానం, బట్టలు అన్నీ అందులోనే. ఇప్పుడు వరి చూడండి. ఎకరం మీద ఒక అంగుళం నీరు నిలబెడితే లక్ష లీటర్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చాలాచోట్ల పనికొస్తుంది. వరికి నారు దగ్గర నుంచి కోత దాకా, వానతో కలిపి, సుమారు 48 అంగుళాలు కావాలి. అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. మా నెల్లూరు వైపు ఎకరాకు మూడున్నర పుట్లు పండితే, పుట్టి 850 కిలోలు కాబట్టి, దాదాపు 30 క్వింటాళ్ల వడ్లు. మరపట్టిస్తే 20 క్వింటాళ్ల బియ్యం. కిలో బియ్యానికి 2,400 లీటర్లు పడింది. నెలకు పది కిలోల బియ్యం తినే మనిషి రోజుకు 800 లీటర్ల నీళ్లు అన్నంలో తింటున్నాడు. ఆ నీళ్లలో కొంత ఇంకి మళ్లీ భూమిలోకి పోతుంది, మొత్తం పోయినట్టు కాదు. అయినా 55 ఎక్కడ, 800 ఎక్కడ? కుళాయి కట్టేయమని పిల్లలకు నేర్పుతాం. మంచిదే. కానీ నీటి లెక్క తేలేది కుళాయి దగ్గర కాదు, పొలం దగ్గర. దేశం మొత్తం మీద భూమిలోంచి తోడే నీటిలో 87 శాతం సాగుకే పోతోంది.

ఇదే మీ తోటకు వేసి చూద్దాం. మీది ఐదెకరాలన్నారు. ఆరు మీటర్ల ఎడంతో నాటి ఉంటే ఎకరాకు 110 చెట్లు, మొత్తం 550. కాపుకొచ్చిన చెట్టుకు ఎండాకాలంలో డ్రిప్పు మీద కూడా రోజుకు వంద లీటర్లకు తగ్గదు. అంటే రోజుకు 55 వేల లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున అది వెయ్యి మంది ఉన్న ఊరికి సరిపోయే నీళ్లు. మీ ఊరి జనాభా ఎంత? మీ నాన్నగారి తోట ఒక్కటీ ఎండాకాలంలో మీ ఊరంత తాగుతోంది.

దీంట్లో నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆ తోట మీదే మిమ్మల్ని చదివించి ఉంటారు. మెట్టలో కందికి ధర లేనప్పుడు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పెట్టుకునే స్తోమత లేనప్పుడు, బత్తాయి ఒక్కటే దారిగా కనిపించింది. పెట్టుకోమని చెప్పినవాళ్లలో నాలాంటి ఉద్యోగులూ ఉన్నారు. డ్రిప్పు ఉంటే నీళ్లు మిగులుతాయని ఊరూరా తిరిగి చెప్పాం. డ్రిప్పుతో చెట్టుకు నీళ్లు తగ్గిన మాట నిజం. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు నాటాడు. మోటారు మాత్రం ఆగలేదు. అది మేం ముందే ఊహించి ఉండాల్సింది.

అసలు మీ పొలంలో ఇంకే నీళ్లెన్ని? ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. ఎకరం మీద కురిసింది 28 లక్షల లీటర్లు. మీ వైపు కింద ఉన్నది రాతి నేల. పైన మెత్తబడిన పొర ఉంటుంది, అదే స్పాంజిలా నీళ్లు పట్టేది. దాని కింద గట్టి రాయి, ఎక్కడో ఒకచోట సన్నని పగులు. అలాంటి నేలలో కురిసినదాంట్లో పదో వంతు ఇంకితే గొప్ప. ఎకరాకు 2.8 లక్షలు, మీ ఐదెకరాలకు 14 లక్షల లీటర్లు. తోట ఎండాకాలం నాలుగు నెలల్లోనే తాగేది 66 లక్షల లీటర్లు. మిగతా 52 లక్షలు ఎక్కడివి? చుట్టుపక్కల బీడు భూములవి, చెరువువి, పక్క రైతువి. చుట్టూ బీడు ఉన్నన్నాళ్లు మీ బోరు పోసింది. పక్కన ఇంకో నాలుగు తోటలు లేచాక పోయడం మానేసింది. బోరు ఎండిపోవడమంటే నీళ్లు ఎక్కడికో పారిపోవడం కాదు. ఒకే కుండలో పది గొట్టాలు పెట్టి పీలిస్తే ఎవరి గొట్టం పొడుగైతే వాడికి ఆఖరి గుక్క దక్కుతుంది. ఐదో బోరు అంటే ఆ పొడుగు గొట్టమే.

ఆ ఆఖరి గుక్కకు ఖర్చెంతో కూడా చూడండి. రోజూ ఆ 55 వేల లీటర్లను వంద అడుగుల లోతు నుంచి పైకి తేవాలంటే సుమారు 11 యూనిట్ల కరెంటు చాలు. అవే నీళ్లను 650 అడుగుల నుంచి తేవాలంటే 75 యూనిట్లు కావాలి. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మీ నాన్నగారికి బిల్లు రాదు. కానీ ఆ కరెంటు ఎక్కడో కాలిన బొగ్గు. మా నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో నేలటూరు, పైనాపురం దగ్గర పొగగొట్టాలు చూసే ఉంటారు, కృష్ణపట్నం పోర్టు పక్కన. ఆ బూడిద కొండలు, ఆ ఊళ్ల మీద పడే ధూళి, మీ తోట చెట్లకు పోసే నీళ్లు, ఇవన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి. దేశ సగటున యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. రోజుకు 75 యూనిట్లు, 120 రోజులు, మొత్తం 9 వేల యూనిట్లు. ఆరు టన్నులకు పైమాటే. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటు ఉద్గారం సుమారు 2 టన్నులు. అంటే ఆ లోతు నుంచి ఒక్క ఎండాకాలం మోటారు నడిస్తే ముగ్గురు భారతీయులు ఏడాదంతా బతికినంత.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న మళ్లీ చదువుకోండి. రెండో బిడ్డ ద్రోహం అవుతుందా అని అడిగారు. ఐదో బోరు గురించి ఆ మాట అడగలేదు.

సోలార్ మోటారు పెడితే సరిపోతుంది కదా అంటారేమో. బొగ్గు సంగతి తీరుతుంది, నీటి సంగతి తీరదు. ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా తోడే మోటారు కుండను ఇంకా త్వరగా ఖాళీ చేస్తుంది.

1970ల మొదట్లో పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఈ చర్చలో ఒక లెక్క ముందుకు తెచ్చారు. ప్రకృతి మీద పడే భారం అంటే జనం సంఖ్య, ఒక్కొక్కరి వాడకం, ఆ వాడుకునే పద్ధతి, ఈ మూడింటినీ హెచ్చవేసిన మొత్తం. హెచ్చవేత కాబట్టి మూడూ ముఖ్యమే. కానీ మన వాళ్లు మొదటిది ఒక్కటే పట్టుకుంటారు, ఎందుకంటే అది ఎప్పుడూ పక్కవాడి ఇంట్లో ఉంటుంది. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దగ్గర 2. ఒక అమెరికన్ ఏడుగురు భారతీయులతో సమానం. మన దేశంలోనూ అందరి 2 టన్నులూ ఒకటి కాదు. బెంగళూరులో రెండు ఏసీలు, ఒక కారు, ఏడాదికి నాలుగు విమాన ప్రయాణాలు ఉన్న ఇల్లు ఒక లెక్క. పామూరు దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు ఒక లెక్క. ఆ రెండో ఇంట్లో ఐదుగురు పిల్లలున్నా మొదటి ఇంటి వాడకానికి రారు.

పైగా మన నేల మీద పడే భారం అంతా మన జనం వల్ల పడేదీ కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎవరి వంటగది బల్ల మీద పరుచుకుంటున్నారు? గుంతలు, రాతిగుట్టలు మనకు మిగిలాయి. మా తీరం వైపు రొయ్యల గుంటలు చూడండి. మన దేశపు రొయ్యలను ఎక్కువగా కొంటున్నది అమెరికా. మా పెద్దమ్మ వాళ్ల ఊరు సముద్రానికి రెండు మైళ్లు. ఇసుక నేలలో దొరువు, అంటే మంచినీళ్ల గుంట, ఉండేది, నాలుగు మెట్లు దిగి బిందె ముంచుకోవడమే. వేసవిలో కూడా చల్లగా, తియ్యగా ఉండేవి ఆ నీళ్లు. తొంభైల మొదట్లో చుట్టూ టైగర్ రొయ్యల గుంటలు తవ్వారు. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ గుంటలు పడుకున్నాయి, 1996లో ఆ గుంటలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పూ వచ్చింది, 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి మళ్లీ లేచాయి. మధ్యలో గుంటలు ఖాళీగా ఉన్న ఏళ్లలో ఒకసారి వెళ్లి ఆ దొరువు నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పు. తీపి నీటి పొర పల్చగా ఉంటుంది, కింద ఉప్పునీరు. ఒకసారి ఆ పొర చెడితే మళ్లీ వానలు కడిగి బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది. పెద్దమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ క్యాన్ నీళ్లే తాగింది. ఆ ఊళ్లో జనం పెరిగి దొరువు చెడలేదమ్మా. ఊరి జనం అప్పటికే సగం నెల్లూరుకు వలస పోయారు.

అయితే సంఖ్య లెక్కలోకే రాదని నేను అంటే అది అబద్ధం అవుతుంది. వస్తుంది, వేరే దారిలో వస్తుంది. మీ ముత్తాతకు ఇరవై ఎకరాలుండి ఉంటే నలుగురు కొడుకులకు తలా ఐదు. అప్పుడు ఇరవై ఎకరాలకు ఒక బావి, ఒక మోట. ఇప్పుడు ఐదెకరాలకు ఒక బోరు, అది ఎండితే ఇంకోటి. 2015–16 లెక్కల్లో మన రాష్ట్రంలో సగటు కమతం హెక్టారు కన్నా తక్కువ, సుమారు రెండెకరాల ముప్పై సెంట్లు. భూమి గట్లతో పంచుకోవచ్చు, కింద నీళ్లను గట్లతో పంచుకోలేం. అన్నదమ్ములు విడిపోయినప్పుడు బావిలో వంతులు రాసుకునేవాళ్లు, సోమవారం నీది, మంగళవారం నాది అని. బోరులో వంతులు ఎవరూ రాసుకోలేదు. కుటుంబాలు చిన్నవైనా ఇళ్లు పెరిగాయి. ఏడుగురు ఒక కప్పు కింద ఉన్న ఇల్లు ఇప్పుడు మూడు ఇళ్లయి మూడు ఫ్రిజ్‌లు, మూడు మోటార్లు అయింది. జనం పెరగకుండానే వాడకం ఇలా పెరుగుతుంది.

వంతులన్నాను కాబట్టి కంభం చెరువు గుర్తొచ్చింది. గుండ్లకమ్మ నది మీద రెండు కొండల నడుమ గండి పూడ్చి కొన్ని శతాబ్దాల కింద కట్టించారు, విజయనగర రాచకుటుంబానికి చెందిన వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. దాని గొప్ప కట్టలో ఎంత ఉందో తూము దగ్గర వంతులు పాటించిన రైతుల్లోనూ అంత ఉంది. చెరువులో నీళ్లు ఎన్నో కంటికి కనపడతాయి. నిండితే వరి, సగముంటే తక్కువ నీళ్లతో వచ్చే ఆరుతడి పంట, అడుగంటితే ఏమీ లేదు. బోరులో ఉన్నవి కనపడవు. మన కష్టమంతా అక్కడే ఉంది.

కనపడేలా చేస్తే ఏమవుతుందో నా కళ్లతో చూశాను, అది కాస్త వివరంగా చెప్తాను. 2003 ప్రాంతం నుంచి 2010 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. ప్రకాశం అందులో ఒకటి. మీ ప్రాంతంలో ఒక ఊరికి నేను తరచూ వెళ్లేవాణ్ని. పదిహేను రోజులకోసారి కొన్ని బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు. టేపు చివర ఒక గుండు, అది నీటిని తాకగానే పైన పెట్టెలోంచి కూత వస్తుంది. ఆ కూత కోసం పదిమంది చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. ఒక ఇంటి మీద వానమాపకం ఉండేది, ఆ ఇల్లాలు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నోట్‌బుక్కులో రాసేది. ఐదో తరగతి చదివిన మనిషి, ఒక్కరోజు కూడా గడి ఖాళీగా వదల్లేదు. బోరు ఎంత పోస్తుందో తెలియడానికి 200 లీటర్ల డ్రమ్ము, ఒక స్టాప్‌వాచీ. "నాది రెండంగుళాలు పోస్తుంది సార్" అన్న రైతు డ్రమ్ము నిండడానికి మూడు నిమిషాలు పట్టేసరికి మాట్లాడలేదు. నాలుగేళ్ల కింద అదే బోరు నిమిషంలో నింపేదని ఆయనే చెప్పాడు.

అక్టోబర్‌లో, వానలు చాలావరకు అయ్యాక, బడి వరండాలో అందరూ కూర్చునేవాళ్లు. గోడ మీద పెద్ద పట్టిక. వానకు ఇంకింది ఇంత. తోడింది ఇంత. రబీలో ఎవరెవరు ఏం వేయాలనుకుంటున్నారో చెబితే దానికి కావాల్సింది ఇంత. ఒక ఏడు లెక్క తీస్తే ఉన్నదానికన్నా కావాల్సింది బాగా ఎక్కువ వచ్చింది. ఎవరూ ఎవర్నీ వరి మానమనలేదు. సబ్సిడీ ఇస్తామని కూడా ఎవరూ అనలేదు. ఒక పెద్దాయన లేచి "నేను రెండెకరాల వరి అనుకున్నా, అరెకరం తిండికి వేసుకుంటా, మిగతాది శనగ వేస్తా" అన్నాడు. తర్వాత ఇంకొకరు. సాయంత్రానికి పట్టికలో అంకెలు మారాయి. మొత్తం సరిపోలేదు, కానీ లోటు చాలా తగ్గింది. ఆ ఊళ్లో జనం ఒక్కరూ తగ్గలేదు. తోడకం తగ్గింది.

పథకం అయిపోయాక కొలతలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొన్నేళ్ల కింద ఆ వైపు వెళ్తే బడి గోడకు కొత్త సున్నం వేశారు, పట్టిక కనపడలేదు. చాలా బాధ వేసింది. అలాంటి పని ఊరి అలవాటుగా నిలవాలంటే పథకం ఎత్తేశాక కూడా ఏడాదికోసారి ఎవరో ఒకరు కూర్చోబెట్టాలి, అది జరగలేదు.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయి కదా, ఈ గోల ఎందుకు అని మీ నాన్నగారు అనొచ్చు. నేనూ దాని కోసం ఎదురుచూస్తున్నవాణ్నే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లల్ని, నడుము వంగిన నడివయసు వాళ్లను అంతమందిని చూశాక ఆ ప్రాజెక్టు వద్దని ఎవరంటారు? బోరు లోతుకు పోయేకొద్దీ ఆ ఫ్లోరైడ్ కూడా పెరిగే ప్రమాదం ఉంది, అది ఐదో బోరుకు ఇంకో చిక్కు. వెలిగొండ సొరంగాలు రెండూ తవ్వడం పూర్తయింది. శ్రీశైలం వరద నీటిలో 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. భాగించి చూడండి, టీఎంసీకి పది వేల ఎకరాలు. వరికైతే టీఎంసీ ఆరు వేల ఎకరాలకు మించి రాదు. అంటే ఆ నీళ్లు ఆరుతడి పంటలను దృష్టిలో పెట్టుకున్నవే. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు వరి నాటితే చివరి ఊళ్లకు కాలువ గట్టు మాత్రమే వస్తుంది. మా నెల్లూరులో కాలువల చివరి ఆయకట్టు రైతుల గోడు వింటూ పెరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మా డెల్టాలో కూడా ఇప్పుడు వెదజల్లే వరి, తడి ఆరాక మళ్లీ తడి పెట్టే పద్ధతి మెల్లగా వస్తున్నాయి. ఆరబెట్టి కట్టే పద్ధతిలో నాలుగో వంతు దాకా నీళ్లు మిగులుతాయి, దిగుబడి పడదు. సోమశిలలో నీళ్లున్న ఏడాది ఎవరూ వినరు, అది వేరే సంగతి.

ఇక మీ సొంత ప్రశ్నకు సూటిగా చెప్తాను. రెండో బిడ్డ కావాలో వద్దో మీరు, మీ ఆయన తేల్చుకోవాల్సిన మాట. మీ ఆరోగ్యం, మీ ఉద్యోగం, పాపను చూసుకునే మనుషులున్నారా లేరా, అసలు మీకు ఇష్టమా కాదా, ఇవి చూసుకోండి. వద్దనుకుంటే వద్దు, అందుకు ప్రకృతిని సాక్ష్యం తెచ్చుకోనక్కర్లేదు. కావాలనుకుంటే భూదేవికి ద్రోహం చేస్తున్నానన్న భారం పెట్టుకోకండి. 1.7 దగ్గరున్న రాష్ట్రంలో మీకు పుట్టబోయే బిడ్డ వల్ల గుండ్లకమ్మ ఎండదు. ఆ బిడ్డ ఎలా పెరుగుతుందన్నది మీ చేతిలో ఉంది. పెద్దల మాటకో, పాలకుల మాటకో తలొగ్గి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి.

నాన్నగారి సంగతి మాత్రం నాకు వదిలిపెట్టబుద్ధి కావడం లేదు. డబ్బు పంపనంటే ఆయన అప్పు చేసి వేయిస్తారు, ఆ మనుషుల్ని నాకు తెలుసు. చెట్టు ఎండుతుంటే చూస్తూ కూర్చోలేరు. కొబ్బరికాయ చేతిలో లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని నమ్మి బోరు బండి పెట్టిస్తారు. మా నాన్న కూడా 2002 కరువులో రెండు నెలల్లో మూడు బోర్లు వేయించాడు. మూడూ పనికి రాలేదు. ఆ అప్పు తీరడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటికే ఉద్యోగంలో ఉండి, లెక్క తెలిసీ, తండ్రికి ఎదురుచెప్పడం ఎందుకని ఊరుకున్నాను. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆయనతో బోరు వద్దని అనకండి. తోటను కాపాడదాం, ఎన్ని చెట్లను కాపాడగలమో చూద్దాం అనండి. ఐదెకరాల్లో ముసలి చెట్లు, తెగులు పట్టినవి ఎన్నో ఉంటాయి. రెండెకరాలు తీసేసి అక్కడ కందో సజ్జో వేస్తే రోజుకు 22 వేల లీటర్లు మిగులుతాయి. ఆ మిగులు చాలాసార్లు కొత్త బోరు ఇచ్చే నీళ్లకన్నా ఎక్కువ. ఉన్న చెట్ల పాదుల్లో ఆకు, గడ్డి మందంగా పరిస్తే ఆవిరి తగ్గుతుంది. ఎండిన పాత బోర్లను పూడ్చకండి. వాటి చుట్టూ గుంత తీసి, రాళ్లు, కంకర, ఇసుక వేసి, బురద లేని వాన నీళ్లు అందులోకి మళ్లిస్తే వచ్చే ఏడు పక్క బోరుకు ఊరట. బోరుకు పంపే డబ్బులో కొంత భాగంతోనే ఈ పనులు అవుతాయి. పక్క రైతులు ఇద్దరు ముగ్గురు కూడా కలిసొస్తే, పాత బావిలో రాసుకున్నట్టు బోర్లకూ వంతులు రాసుకోవచ్చు. అది నాన్నగారు మాట్లాడితేనే అవుతుంది, బయటివాళ్లు చెబితే కాదు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆయన్ని మూడు సంగతులు అడిగి నాకు రాయండి. రాత్రంతా మోటారు ఆపి తెల్లవారుజామున కొలిస్తే నడుస్తున్న బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి. రెండొందల లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది, అది మోటారు వేసిన వెంటనే ఒకసారి, రెండు గంటలయ్యాక ఒకసారి. చెట్లు మొత్తం ఎన్ని, ఏ వయసువి ఎన్ని. ఈ మూడూ వస్తే ఎన్ని చెట్లు నిలబడతాయో లెక్క వేసి పంపుతాను. బోరు బండికి అడ్వాన్స్ ఇచ్చేశారేమో అది కూడా కనుక్కోండి. ఇవ్వకపోతే పది రోజులు ఆగమనండి.